ఏటికి ఎదురు నిలిచే పడవ

1869 జూన్ రెండో వారం. అమెరికాలోని గ్రీన్ నది మీద అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ బృందం నాలుగు పడవల్లో దిగువకు సాగుతోంది. అవి షికాగోలో ప్రత్యేకంగా చేయించినవి. మూడింటిని ఓక్ కలపతో దిట్టంగా కట్టారు. తెడ్లు వేసేవాళ్లు పాత అలవాటు ప్రకారం, వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చున్నారు. ప్రవాహం కంటే వేగంగా తోసుకుపోతేనే పడవ మాట వింటుందని అప్పటివాళ్ల నమ్మకం. లొడోర్ లోయలో నీళ్లు బండల మీద ఉరికే ఒకచోట ‘నో నేమ్’ అనే పడవ రాళ్లకు కొట్టుకుని విరిగిపోయింది. మనుషులు బతికి బయటపడ్డారు గానీ, దాంట్లోని తిండి సామాను చాలావరకు ఏటి పాలైంది. ఆ చోటును ఇప్పటికీ డిజాస్టర్ ఫాల్స్ అనే పిలుస్తారు.

అదే నది మీద 1890ల్లో నథానియెల్ గాలవే అనే వేటగాడు కూర్చునే తీరు మార్చేశాడు. జంతువులకు ఉచ్చులు పెట్టుకుంటూ ఏటి వెంట తిరగడం అతని బతుకుతెరువు. అతను ముఖం దిగువ వైపుకు తిప్పుకుని కూర్చున్నాడు. ముందు బండ కనిపిస్తే పడవను కాస్త ఏటవాలుగా తిప్పి, తెడ్లను తనవైపు లాగేవాడు. పడవ ప్రవాహం కంటే నెమ్మదించేది. చూసుకోడానికి, పక్కకు తప్పుకోడానికి వ్యవధి చిక్కేది. అడుగు చదునుగా, తేలిగ్గా ఉండే పడవలే అతను వాడాడు. అమెరికా పడమటి రాష్ట్రాల్లో చేపల వేటకు ఇవాళ తిరిగే తెడ్ల పడవలు దాదాపు అన్నీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. లొడోర్ లోయకు ఎగువన, 1964లో పూర్తయిన ఫ్లేమింగ్ గోర్జ్ డ్యామ్ కింద, గ్రీన్ నది ఇప్పుడు ట్రౌట్ చేపలకు పేరుమోసింది. డ్యామ్ దగ్గర్నుంచి లిటిల్ హోల్ దాకా ఉన్న 7 మైళ్లలో వేసవి ఉదయాన ఒకదాని వెనక ఒకటి పడవలు దిగుతుంటాయి.

నది మీద ఫ్లై ఫిషింగ్‌కు పడవ కొనాలనుకునేవాళ్లు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న గాలవే తెడ్లలోనే ఉంది. ఈ పడవ ఎంత తేలిగ్గా నెమ్మదిస్తుంది? రంగు, కుర్చీలు, పెట్టెలు, చివరికి ధర కూడా ఆ తర్వాతే.

ఎందుకో తెలియాలంటే ముందు ఆ వేట సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఫ్లై ఫిషింగ్‌లో గాలానికి వానపామునో పిండినో గుచ్చరు. చిన్న కొక్కేనికి ఈకలు, జంతువుల వెంట్రుకలు, రంగు దారాలు చుట్టి ఏటి పురుగును తయారు చేస్తారు. దాని పేరే ఫ్లై. ఊదితే ఎగిరిపోయేంత తేలికైన వస్తువు కాబట్టి మామూలు గాలంలా విసిరితే రెండు గజాలు కూడా పోదు. అందుకని దారాన్నే లావుగా, బరువుగా తయారుచేసి, పొడవాటి సన్నని కర్రతో ముందుకూ వెనక్కూ ఊపి, ఆ దారం బరువుతో ఫ్లైని అనుకున్న చోట వాలుస్తారు.

ట్రౌట్ ఎగువకు ముఖం పెట్టి, బండ చాటునో ఒడ్డు వారనో నీళ్లు మెల్లగా కదిలే చోట నిలబడుతుంది. తన పక్కనుంచి కొట్టుకొచ్చే పురుగులను అందుకుని మళ్లీ చాటుకు చేరుతుంది. పురుగన్నది నీటితో సమానంగా రావాలి. ఎవరో లాగినట్టు రవ్వంత పక్కకు జారినా చేప నోరు తెరవదు. ఒడ్డున నిలబడి ఏటి అవతలికి విసిరితే వచ్చే చిక్కు ఇదే. నడిమి ప్రవాహం వేగంగా ఉంటుంది కదా, అది దారాన్ని వంచి, క్షణాల్లో ఫ్లైని ఈడ్చుకుపోతుంది.

పడవలో ఉంటే ఆ ఈడ్పు తప్పించుకోవచ్చు. పడవా ఫ్లై ఒకే వేగంతో జారితే దారం మీద లాగుడు ఉండదు. ఒక్కసారి విసిరిన ఫ్లై అలా చాలాదూరం చేపల ముందునుంచి సహజంగా పోతుంది. అయితే ఇక్కడే అసలు మెలిక. ఫ్లై ఉండేది ఒడ్డు వారన, నెమ్మది నీళ్లలో. పడవ ఉండేది దానికి ముప్పై నలభై అడుగుల ఇవతల, వేగపు నీళ్లలో. వదిలేస్తే పడవ ఫ్లైని దాటి పోతుంది. అందుకే తెడ్ల దగ్గర కూర్చున్నవాడు ఏటికి ఎదురు లాగుతూ, పడవను ఫ్లై వేగానికి తగ్గించి పట్టుకోవాలి. గంటల తరబడి అదే పని. చేప పట్టినవాడి ఫొటో వస్తుంది గానీ, ఆ చేపను సగం పట్టింది తెడ్లు వేసినవాడే.

ఈ పనికోసమే పుట్టిన పడవను డ్రిఫ్ట్ బోట్ అంటారు. దాని సొంతూరు ఒరిగన్ రాష్ట్రంలోని మెకంజీ నది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అక్కడి గైడ్లు పలకలతో కట్టిన బరువైన పడవల్లో వేటగాళ్లను తిప్పేవారు. 1920ల్లో వెల్టీ ప్రూయిట్ వాటిని తేలికపరిచాడు. యూజీన్ పట్టణంలో నార్వే నుంచి వచ్చిన టామ్ కార్హస్ అనే వడ్రంగి వాటి రూపానికి పదును పెట్టాడు. 1930ల చివర్లో ప్లైవుడ్ రావడంతో అతుకులు తగ్గాయి, బరువు తగ్గింది, నీరు కారడం తగ్గింది. కార్హస్ దగ్గర పని నేర్చుకున్న వుడీ హిండ్‌మన్ 1940ల్లో రెండు కొసలూ మొనదేలిన పడవ కట్టాడు. తర్వాత వాటిలో ఒక కొసను కొద్దిగా కోసి, చిన్న మోటారు తగిలించుకునే వీలు కల్పించాడు. ఇవాళ గాజునార (ఫైబర్‌గ్లాస్)తోనో అల్యూమినియంతోనో వచ్చే డ్రిఫ్ట్ బోట్ల ఆకారం దాదాపుగా అదే.

ఆ ఆకారంలో ప్రతి వంపుకూ ఒక కారణం ఉంది. అడుగు చదును కాబట్టి ముగ్గురు ఎక్కినా కొన్ని అంగుళాల నీళ్లలో తేలుతుంది. ముందు కొస అనియం, వెనక కొస అమరం రెండూ ఊగే కుర్చీ కాళ్లలా పైకి లేచి ఉంటాయి. ఆనేది నడుమ భాగమే. అందువల్ల ఒక తెడ్డు లాగి ఒక తెడ్డు తోస్తే పడవ ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. ఎదురు లాగినప్పుడు నీళ్లు అమరం కిందికి జారిపోతాయి తప్ప దాన్ని గుద్దవు. పక్కలు బయటికి విచ్చుకుని ఉంటాయి. అల మీద పడ్డప్పుడు పడవ ఎంత దిగితే అంత ఎక్కువ వెడల్పు నీటికి తగిలి మళ్లీ పైకి తేలుతుంది.

ఇంత తెలిసిన తర్వాత కొలతలు చూడాలి. మార్కెట్లో ఎక్కువగా కనిపించేది 16 అడుగుల పొడవు, అడుగున 48 నుంచి 54 అంగుళాల వెడల్పు ఉన్న పడవ. అడుగు వెడల్పు పెరిగితే తక్కువ నీటిలో తేలుతుంది, నిలబడి విసిరేవాళ్లకు స్థిరంగా ఉంటుంది. ఇరుకైతే తెడ్డుకు తేలిగ్గా లొంగుతుంది. ఇద్దరు వేటగాళ్లను రోజూ తిప్పే గైడ్‌కు వెడల్పు కావాలి. ఒక్క స్నేహితుడితో చిన్న ఏరుకు పోయేవాడికి 13, 14 అడుగుల పడవ చాలు. పెద్దది కొంటే ఎప్పటికైనా పనికొస్తుందన్న ఆలోచన ఇక్కడ చెల్లదు. ఆ అదనపు బరువును రోజంతా ఎదురు లాగాల్సింది కొన్నవాడి భుజాలే.

పక్కల ఎత్తు గురించి అమ్మేవాళ్లు పెద్దగా మాట్లాడరు గానీ, నది మీద అది చాలా తేడా తెస్తుంది. ఒరిగన్‌లోని రోగ్, డెషూట్స్ లాంటి నదుల్లో అలలు పెద్దవి. ఎత్తు పక్కలు లేకపోతే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. మోంటానాలో లివింగ్‌స్టన్ పట్టణం పక్కన పారే యెల్లోస్టోన్ మీద అలల కంటే గాలి పెద్ద శత్రువు. ఎత్తు పక్కలు అక్కడ తెరచాపలైపోతాయి, తెడ్లు వేసేవాడికి చుక్కలు కనిపిస్తాయి. అందుకే ఆ ప్రాంతపు గైడ్లు పొట్టి పక్కల పడవలే ఎంచుకుంటారు. ఒకచోట బ్రహ్మాండంగా పనిచేసే పడవను చూసి ఇంకొక రాష్ట్రంలో కొనుక్కోవడం ఎంత పొరపాటో ఈ నదులే చెబుతాయి.

కలప, గాజునార, అల్యూమినియం అనే చర్చకు అంతుండదు. కలప పడవ అందం వేరు, తెడ్డుకు అది లొంగే తీరు వేరు. కాకపోతే ఏటేటా వార్నిష్, నీడలో నిలవ, మరమ్మతు తప్పవు. అల్యూమినియం దెబ్బలకు ఓర్చుకుంటుంది. సొట్ట పడుతుందే తప్ప పగలదు. కానీ బండ తగిలితే గీరుకుని ఆగిపోతుంది, ఆ చప్పుడు నీళ్లలో చేపకు ఇట్టే అందుతుంది. గాజునార రాళ్లమీద జారిపోతుంది. చిన్న పగులు వస్తే ఇంట్లోనే అతికించుకోవచ్చు. రాళ్లు ఎక్కువ, నీళ్లు తక్కువ ఉన్న ట్రౌట్ నదులకు గాజునార మేలని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

పడవ లోపల చూడాల్సింది ఒకటుంది. ముందు ఉండే వేటగాడు ఒక కమ్మీకి తొడలు ఆనించి నిలబడతాడు. అతని పాదాల దగ్గర విసరడానికి సిద్ధంగా ఇరవై ముప్పై అడుగుల దారం చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది. ఒడ్డు వార చెట్టు నీడలో చేప మూతి కనిపించింది, కర్ర ఊపాడు, దారం పైకి లేచింది. సరిగ్గా అప్పుడు అది కాలి కింద ఒక నట్టుకో, పెట్టె గడియకో, బూటు లేసుకో తట్టుకుంటే ఫ్లై గాల్లోనే వెనక్కి వచ్చి పడవ పక్కన పడుతుంది. పడవ ఆ చోటు దాటిపోతుంది, మళ్లీ అవకాశం లేదు. అందుకే మంచి పడవలో నేల మీద పొడుచుకొచ్చే వస్తువే ఉండదు. తెడ్లు, లంగరు తాడు, పెట్టెలు అన్నిటికీ గూళ్లు ఉంటాయి. కొనేముందు పాత దారం ముక్క ఒకటి నేల మీద పరిచి నాలుగు దిక్కులా లాగి చూస్తే, ఎక్కడెక్కడ పట్టుకుంటుందో నిమిషంలో తేలిపోతుంది.

లంగరు అమరం దగ్గర వేలాడుతుంది. తాడు కప్పీల మీదుగా తెడ్లు వేసేవాడి చేతికో కాలికో అందేటట్టు వస్తుంది. నెమ్మది నీళ్లలో అది వరం. ఉరికే నీళ్లలో దాన్ని వదిలితే మాత్రం లంగరు రాళ్లలో ఇరుక్కుని అమరాన్ని కిందికి లాగుతుంది, నీళ్లు లోపలికి ఎక్కుతాయి, పడవ మునుగుతుంది. చేతికి అందేచోట తాడు కోసే కత్తి లేకుండా లంగరున్న పడవలో ఎవరూ ఎక్కకూడదు. ఒరిగిపోయి నీళ్లలో పడున్న చెట్లు అంతకంటే ప్రమాదం. కొమ్మల మధ్యనుంచి నీళ్లు పోతాయి, మనిషి పోలేడు. లైఫ్ జాకెట్ కుర్చీ కింద ఉంటే ప్రయోజనం లేదు, ఒంటిమీద ఉండాలి.

డ్రిఫ్ట్ బోటుకు రేవు కావాలి, ట్రెయిలర్ కావాలి. రెండూ లేనిచోట గాలి నింపే రాఫ్ట్ దారి చూపుతుంది. 13, 14 అడుగుల రాఫ్ట్‌కు లోహపు చట్రం బిగించి, తెడ్లు, కుర్చీలు, లంగరు అమరిస్తే అది కూడా చక్కటి వేట పడవే. బండకు తగిలితే బంతి తీరున ఎగిరి పక్కకు పోతుంది. అడుగున రంధ్రాలున్న రకంలో నీళ్లు వాటంతటవే బయటికి పోతాయి. మోంటానాలోని స్మిత్ నది మీద క్యాంప్ బేకర్ దగ్గర దిగితే ఈడెన్ బ్రిడ్జ్ దాకా 59 మైళ్ల దూరం మధ్యలో జనం ఎక్కి దిగే రేవు లేదు. లాటరీలో అనుమతి దొరికినవాళ్లే వెళ్తారు. అన్ని రోజుల తిండి, గుడారాలు మోస్తూ, సన్నటి నీళ్లలో రాళ్లు గీరుకుంటూ పోవాల్సిన అలాంటి యాత్రకు రాఫ్ట్ గట్టి ఎంపిక. లోటు కూడా ఉంది. గాలికి తేలిగ్గా కొట్టుకుపోతుంది. ఎదురు లాగితే డ్రిఫ్ట్ బోటంత చప్పున స్పందించదు. మెత్తని నేల మీద నిలబడి విసరడం కష్టం కాబట్టి గట్టి నేల పలక, తొడల కమ్మీ ఉన్న చట్రం కొనడం అవసరం.

డ్రిఫ్ట్ బోటే అంతా అనుకోనక్కర్లేదు. మిషిగన్ రాష్ట్రంలో గ్రేలింగ్ ఊరి పక్కన పారే ఓ సేబుల్ నది ఇరుకు, లోతు తక్కువ, నీళ్లు అద్దం. అక్కడ తెడ్డు చాపే చోటే ఉండదు. పందొమ్మిదో శతాబ్దంలో దుంగలు ఏటి మీద తేలించుకుపోయేవాళ్ల పడవల నుంచి పుట్టిన పొడవాటి సన్నని పడవలు ఇప్పటికీ అక్కడ తిరుగుతున్నాయి. పొడవు 24 అడుగుల దాకా ఉంటుంది. గైడ్ అమరంలో కూర్చుని గెడతో నడుపుతాడు. నెమ్మదించాలంటే వెనక ఇనుప గొలుసు వదులుతాడు. అది ఏటి అడుగున ఈడ్చుకుంటూ పడవను పట్టి ఉంచుతుంది. జూన్ చివర్లో పెద్ద మేఫ్లై పురుగులు రేగే రాత్రుల్లో, చీకట్లో చప్పుడు లేకుండా జారడానికి దాన్ని మించిన పడవ లేదు. 1959లో ‘ట్రౌట్ అన్‌లిమిటెడ్’ అనే నదీ సంరక్షణ సంస్థ పుట్టింది కూడా ఈ ఏటి ఒడ్డునే.

ఆర్కన్సా రాష్ట్రంలోని వైట్ నది కథ వేరు. 1951లో కట్టడం ముగిసిన బుల్ షోల్స్ డ్యామ్ కరెంటు కోసం నీళ్లు వదిలినప్పుడల్లా నది మట్టం మారిపోతుంది. పొద్దున రాళ్లు తేలిన చోట మధ్యాహ్నానికి నిండు ప్రవాహం. కిందికి జారినవాళ్లు ఎగువకు తిరిగి రావాలి కాబట్టి, 20 అడుగుల సన్నని చదునడుగు జాన్‌బోట్‌కు మోటారు బిగించుకుంటారు. రాళ్ల నదుల్లో మోటారు రెక్కలు విరగకుండా న్యూజిలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్ 1954లో నీటిని పీల్చి వెనక్కి చిమ్మే జెట్ యంత్రం పడవకు అమర్చాడు. లోతులేని నదుల్లో మోటారు తప్పనిసరైనవాళ్లకు ఇవాళ అదే ఆధారం.

కృష్ణ, తుంగభద్ర ఒడ్డు ఊళ్లవాళ్లకు పుట్టి తెలుసు. వెదురు బద్దలతో అల్లి, ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూసిన గుండ్రటి పడవ. కర్ణాటకలో కావేరి మీద భీమేశ్వరి, గాలిబోరె శిబిరాల దగ్గర మహాశీర్ అనే చేప వేటకు వచ్చినవాళ్లను ఒక బండ నుంచి ఇంకో బండకు చేర్చింది పుట్టే. రాగి ముద్ద ఎర మింగిన పెద్ద చేప దిగువకు లాక్కుపోతే, పుట్టి ఎక్కి దాని వెంట పడేవారు. నాలుగంగుళాల నీళ్లలో తేలుతుంది, ఒక మనిషి నెత్తిన ఎత్తుకుపోతాడు, బండకు తగిలితే వంగుతుంది. రాఫ్ట్ గుణాలన్నీ దాంట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. గుండ్రంగా ఉండడం వల్ల మాత్రం నిలకడగా ఒకవైపు ముఖం పెట్టదు. అందులోంచి ఫ్లై విసరడం కంటే దాంట్లో ఏరు దాటి బండ మీద నిలబడి విసరడమే మేలు. కావేరి అభయారణ్యంలో ఇప్పుడా వేట ఆగిపోయింది. అక్కడి మూపురపు మహాశీర్‌ను 2018లో అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతిగా గుర్తించారు. ఆ చేప మిగలడమే ఇప్పుడు ముఖ్యం.

నది చట్టం తెలియకుండా పడవ కొంటే డబ్బు దండగ. ఒరిగన్‌లో దిగువ డెషూట్స్ మీద పడవలోంచి గాలం వేయకూడదు. పడవ దిగి నీళ్లలో నిలబడే వేయాలి. అక్కడికి తొడల కమ్మీలు, తిరిగే కుర్చీలు ఉన్న పడవ ఎందుకు? అలలు తట్టుకుని, సామాను మోసి, క్షేమంగా ఒడ్డుకు చేర్చేది చాలు. మోంటానాలో మాడిసన్ నది మీద కూడా, 1959 భూకంపానికి కొండ విరిగిపడి ఏర్పడిన క్వేక్ లేక్ నుంచి లయన్స్ బ్రిడ్జ్ దాకా ఇదే నిబంధన. ఆ వంతెన దాటాక కొంత దూరం పడవలోంచే వేయొచ్చు. ఒకే నది, రెండు రకాల అవసరాలు. నియమాలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ సంవత్సరపు నిబంధనల పుస్తకమే చూసుకోవాలి.

పడవ అడుగున అంటుకున్న తడి కూడా చట్టానికి సంబంధించిన విషయమే. నత్తలు, ఆల్చిప్పలు, కంటికి కనబడని పరాన్నజీవులు ఒక నది నుంచి ఇంకో నదికి అలాగే చేరతాయి. 2016 ఆగస్టులో యెల్లోస్టోన్‌లో ఒక పరాన్నజీవి వల్ల వేల సంఖ్యలో వైట్‌ఫిష్ చచ్చిపోతే, 183 మైళ్ల నదిని చేపల వేటకే కాదు, ఈతకూ పడవలకూ మూసేశారు. మోంటానాలో తనిఖీ కేంద్రం తెరిచి ఉంటే పడవ తీసుకుపోయే ప్రతి బండీ ఆగాల్సిందే. మూలమూలలు తేలిగ్గా కడిగి ఆరబెట్టుకునే పడవ ఈ రోజుల్లో మంచి పడవ. రాఫ్ట్ గొట్టాల సందుల్లో తడి దాక్కుంటుంది. చదునైన గాజునార నేల గంటలో ఆరుతుంది.

కొత్త డ్రిఫ్ట్ బోటు ట్రెయిలర్‌తో కలిపి 10,000 డాలర్లు దాటుతుంది. అందుకే చాలామంది మొదటి పడవ పాతదే కొంటారు, అందులో తప్పేమీ లేదు. గైడ్లు సీజన్ అయ్యాక అమ్మేవాటిలో మంచివి దొరుకుతాయి. అడుగున నడుమ భాగం ఎంత అరిగిందో, లంగరు కప్పీ బిగించిన చోట అమరం పలక పుచ్చిందో లేదో వేలితో నొక్కి చూడాలి. తెడ్డు పిన్నులు ఊగుతున్నాయా, ట్రెయిలర్ చక్రాల బేరింగులు వేడెక్కుతున్నాయా చూసుకోవాలి. డబ్బు చేతులు మారకముందు ఆ పడవను ఇద్దరు మనుషులతో ఒక ఓ మోస్తరు ప్రవాహంలో దించి, అనియం దిగువకు పెట్టి, ఒడ్డు మీది ఒక చెట్టుకు ఎదురుగా తెడ్లు లాగి నిలపమని అడగాలి. చెట్టు పక్కనుంచి జరిగిపోకుండా కాసేపు పట్టుకోగలిగితే ధర మాట్లాడుకోవచ్చు. రెండుసార్లు లాగేసరికే చెయ్యి నొప్పి పుడితే, అది తెడ్ల పొడవు లోపం కావచ్చు. 9 అడుగుల తెడ్ల బదులు తొమ్మిదిన్నర అడుగులవి అడిగి, మళ్లీ ఒకసారి లాగి చూడాలి.